రన్‌వే పొడవెంత?

విశాఖపట్టణమున తూర్పు నౌకాదళమువారి విమానక్షేత్రమందలి రన్‌వే పొడవు 3,050 మీటర్లని పటములలో వ్రాసియున్నది. పాతకొలతలో చెప్పవలెనన్న పదివేల అడుగులకు మరి ఆరేడడుగులు ఎక్కువ. ఒకసారి కొలిచి వ్రాసిన లెక్క గనుక దానిని మరల కొలువవలసిన పని లేదనియు, పొలముగట్టువలెనే ఇదియు ఎండకు సాగక వానకు ముడుగక ఉన్నది ఉన్నట్లే పడియుండుననియు మనమనుకొందుము. కాని ఆ నేలమీద విమానమును దింపబోవు పైలట్‌ను ఈ ప్రశ్నయే అడిగి చూడుడు. "ఏ పూటకండీ?" అని ఆతడు ఎదురుప్రశ్న వేయును. గాలి ఎటునుండి వీచుచున్నది, ఎండ ఎంత కాయుచున్నది, రాత్రి వాన కురిసినదా, కురిసిన నీరు జారిపోయినదా నిలిచినదా, దీపములు ఎంత దూరమునుండి కానవచ్చుచున్నవి అను సంగతులు తెలిసినగాని ఆతడు సమాధానము చెప్పడు. చెప్పిన సమాధానమైనను ఉదయమునకొకటి, మధ్యాహ్నమునకొకటి. పటములోని రన్‌వే ఒకటి, పైలట్ లెక్కలోని రన్‌వే మరియొకటి. ఈ రెండవదాని కొలతనుగూర్చియే ఇచట చెప్పదలచితిని.

ఆ క్షేత్రము పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. 1991 అక్టోబరు 21వ తేదీన అది నౌకాదళమున చేరినది. నేలమీద కట్టిన స్థావరమునకును ఓడకు పెట్టినట్లే పేరు పెట్టుట నౌకాదళపు ఆచారము. వైమానిక స్థావరములకు పక్షుల పేళ్లు పెట్టుట ఆ ఆచారములోని ముచ్చట. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, అరక్కోణమున రాజాలి ఉండగా, విశాఖవంతునకు మన పెరళ్లలో కోడిపిల్లలను తన్నుకొనిపోవు డేగ వచ్చినది. పురాణములలోనే గాక పటములలోను ఈ పక్షికి చోటు దొరికినదని తెలుగువాడు సంతసింపవచ్చును.

వాతావరణశాస్త్రము బోధింపదలచినవానికి ఇంతకంటె అనుకూలమైన స్థలము మన తీరమున లేదని నా అభిప్రాయము. ఉత్తరమున సింహాచలపు కొండల వరుస, ఆగ్నేయమున యారాడకొండ సముద్రములోనికి చొచ్చుకొనిపోయి డాల్ఫిన్స్ నోస్ అను రాతికొమ్ముగా ముగియుట, నడుమ లోతట్టు నేల, ఆ నేలపై సముద్రమట్టమునకు కొద్ది అడుగుల ఎత్తుననే పరచిన రన్‌వే, చేరువనే మేఘాద్రిగెడ్డ. మేఘాద్రి అను పేరు పెట్టిన పూర్వులెవరో కాని వాతావరణమును బాగుగా ఎరిగినవారే. పట్టణమునకు గాలివానలను లెక్కగట్టు అలవాటును నిన్నటిది కాదు. 1840 ప్రాంతముననే గోడే వెంకట జగ్గారావను జమీందారు డాబాగార్డెన్స్‌లో స్వంత ధనముతో వేధశాలను నెలకొల్పి ఆకాశమును, వాతావరణమును పరిశీలించెను. విమానయానము పుట్టకమునుపు ఆతడు చేసిన పనినే నేడు డేగలో యూనిఫారము ధరించిన వాతావరణాధికారులు రాత్రింబవళ్లు చేయుచున్నారు.

సైనిక క్షేత్రమునకును పౌరక్షేత్రమునకును భేదమొకటి కలదు. వాతావరణము బాగులేనప్పుడు ప్రయాణికుల విమానము ఆగును, లేదా మరియొక ఊరికి మరలిపోవును. టిక్కెట్టు కొన్నవారు నాలుగు మాటలని ఊరకుందురు. సైనిక విమానమునకు పని తగులునది తరచుగా ఆ చెడు సమయముననే. తుఫానులో చిక్కిన చేపలపడవల జాడ తీయుటకు డార్నియర్ గస్తీవిమానము లేచునది, జాలరులను పైకి లాగుటకు హెలికాప్టరు పోవునది సముద్రము నిమ్మళముగా ఉన్నప్పుడు కాదు. కావున ఇక్కడి వాతావరణాధికారి పని "ఎగురవచ్చునా?" అను ప్రశ్నకు ఔననియో కాదనియో చెప్పుటతో తీరదు. ఎంత బరువుతో, ఏ వైపునకు, ఎంతసేపటిలో అను లెక్క ఆతడు తెమల్చి ఈయవలెను.

మొదట గాలి సంగతి. రన్‌వే కొనలయందు పెద్ద అంకెలు వ్రాసియుండును. విశాఖలో ఒక కొనను 10, రెండవ కొనను 28. ఇవి వరుససంఖ్యలు కావు. దిక్సూచి చూపు డిగ్రీలలో కడపటి సున్నను తీసివేసిన అంకెలు. 10 అనగా ఆ కొననుండి బయలుదేరిన విమానము ముక్కు 100 డిగ్రీల వైపునకు, అనగా తూర్పునకు కొంచెము దక్షిణముగా, ఉండునని అర్థము. ఎదుటి కొన దానికి సరిగా వ్యతిరేకము గనుక 280 డిగ్రీలు. ఈ రెండింటిలో ఏ కొన వాడవలెనో చెప్పునది గాలి. విమానము ఎప్పుడును గాలికి ఎదురుగా లేచి గాలికి ఎదురుగా దిగగోరును. ఎందుకనగా రెక్కకు తెలిసినది గాలిలోని వేగమే కాని నేలపై వేగము కాదు; చక్రమునకును బ్రేకునకును తెలిసినది నేలపై వేగమే కాని గాలిలోని వేగము కాదు. గోదావరిలో ఏటికెదురు పోవు లాంచీని గట్టునుండి చూచినవారికి ఈ భేదము విడమరచి చెప్పనక్కరలేదు: నీటిని ఎంత జోరుగా కోయుచున్నను గట్టుమీది తాటిచెట్టు మాత్రము మెల్లగానే వెనుకకు జరుగును.

ఒక లెక్క వేసి చూతము. రెక్కలు మోయుటకు గాలిలో 120 నాట్ల వేగము కావలసిన విమానమొకటి కలదనుకొందము. నాటు అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. ఇరువది నాట్ల ఎదురుగాలి ఉన్నచో అది నేల తాకునప్పటి వేగము 100 నాట్లు మాత్రమే. అదే గాలి వెనుకనుండి వీచినచో 140 నాట్లు. నూటికి నలుబది ఎక్కువ అంతే గదా అనిపించును. కాని బ్రేకులు హరింపవలసినది వేగమును కాదు, గతిశక్తిని. అది వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. నూరు నూర్లు పదివేలు. నూట నలుబది నూట నలుబదులు పందొమ్మిదివేల ఆరువందలు. ఎదురుగాలిలో వేయి మీటర్లలో ఆగిన విమానమునకే వెనుకగాలిలో ఇంచుమించు రెండువేల మీటర్లు కావలెను. నేల అంగుళమైనను జరగలేదు, విమానము మారలేదు, పైలట్ నైపుణ్యము తగ్గలేదు. గాలి తిరిగినది, రన్‌వే సగమైనది.

సముద్రతీరమున ఈ తిరుగుట ప్రతిదినమును జరుగు వ్యవహారము. పగలు నేల వేగముగా కాగి, దానిపై గాలి తేలికపడి లేవగా సముద్రమునుండి చల్లగాలి వచ్చి ఆ చోటును నింపును. రాత్రి నేల త్వరగా చల్లారుటచే గాలి భూమినుండి సముద్రమునకు మెల్లగా జారును. బీచిరోడ్డున సాయంకాలము కూర్చున్నవారికి అది విలాసము, టవరులో కూర్చున్నవారికి రన్‌వే కొన మార్పు. అట్లని గాలి చెప్పినట్లెల్ల వినుటకును వీలులేదు. విశాఖలో కొండలకును తమ మాటయొకటి ఉన్నది. ఏ వైపునుండి ఎంత ఎత్తున రావలెనో అవియు నిర్ణయించును. గాలి సరిగా ఎదురుగా గాక ప్రక్కనుండి కొట్టినప్పుడు మరియొక చిక్కు. రన్‌వేకు 30 డిగ్రీల వంకరగా వీచు గాలిలో సగపాలు అడ్డగాలియగును. వేగముగా దిగు యుద్ధవిమానము ఆగుటకై తోకనుండి గొడుగువంటి పారాచూటును విడుచునుగదా, అడ్డగాలి ఆ గొడుగును ప్రక్కకు లాగి తోకను తిప్పగా, విమానము చర్చిమీది గాలికోడివలె ముక్కును గాలివైపునకు మరల్చును. ఆపుటకై పెట్టిన సాధనమే దారి తప్పించును; అప్పుడు పైలట్ దానిని తెంచి విడిచి, బ్రేకులమీదనే ఆధారపడవలసియుండును. రన్‌వే కొనలయందు వల పన్ని, ఆగలేని విమానమును చేపవలె పట్టు ఏర్పాటు సైనిక క్షేత్రములలో ఉండుటకు ఇట్టి దినములే కారణము.

ఇక ఎండ. గాలికి బరువున్నదని బడిలో చదివినను దానిని నమ్మి నడుచుకొనువారు విమానికులే. సముద్రమట్టమున 15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతవద్ద ఘనమీటరు గాలి 1.225 కిలోగ్రాములు తూగునని ప్రమాణము. ఆ 15 డిగ్రీలు శీతలదేశములవారు ఏర్పరచుకొన్నవి. మే నెలలో విశాఖవాసికి అది కలలోని చలి. 40 డిగ్రీల మధ్యాహ్నమున అదే ఘనమీటరు 1.13 కిలోగ్రాములకు తగ్గును, అనగా నూటికి ఎనిమిది పాళ్లు లోపించును. రెక్కకు మోయుటకు, ఇంజనునకు మండించుటకు, పంకకు వెనుకకు తోయుటకు ముగ్గురికిని కావలసినది ఈ గాలియే గనుక నష్టము ఒకచోట గాక మూడు చోట్ల తగులును. ప్రామాణిక ఉష్ణోగ్రతకంటె ప్రతి డిగ్రీ హెచ్చునకును క్షేత్రము 120 అడుగులు పైకి లేచినట్లు భావింపుడని పైలట్లకు నేర్పుదురు. ఆ లెక్కన సముద్రపుటొడ్డుననున్న డేగ వేసవి మధ్యాహ్నమున మూడువేల అడుగుల కొండమీదికి ఎక్కి కూర్చుండును. అరకులోయ ఎత్తు అంతకు మిక్కిలి భిన్నము కాదు; చలి మాత్రము రాదు.

ఇచట ఒక భ్రమను తొలగించుట అవసరము. ఉక్కపోసిన దినమున "గాలి బరువుగా ఉంది" అని మనమందుము. ఒంటికి అట్లు తోచుట నిజమే. గాలికి మాత్రము అది అపవాదు. పొడిగాలి అణువుల సగటు భారము 29 అనుకొన్నచో నీటియావిరి అణుభారము 18 మాత్రమే. ఆవిరి చేరినకొలది బరువైన అణువుల చోటును తేలిక అణువులాక్రమించును గనుక ఉక్కగాలి పొడిగాలికంటె తేలిక. చెమటతో తడిసిన చొక్కా ఒకటి చెప్పును, రెక్క మరియొకటి చెప్పును. విమానికుడు రెక్క మాటనే నమ్మవలెను.

ఎండ, ఎత్తు రెండును కూడినచో ఏమగునో చూడవలెనన్న లేహ్‌కు పోవలెను. అది భారత వైమానికదళపు అధీనముననున్న క్షేత్రము. ఎత్తు 3,256 మీటర్లు, అనగా 10,682 అడుగులు. 1948 మే 24వ తేదీన ఎయిర్ కమడోర్ మెహర్‌సింగ్ డకోటా విమానమున జనరల్ తిమ్మయ్యను కూర్చుండబెట్టుకొని, హిమాలయ శిఖరములను దాటి, సింధునది ప్రక్కన ఇసుకనేలలో సోనమ్ నార్బూ అను లద్దాఖీ ఇంజనీరు స్థానికులతో కూడి చదునుచేసియిచ్చిన పట్టీపై దిగెను. అంతవరకు అక్కడివారు విమానమును చూచియుండలేదు. ఆ సాహసమును కీర్తించిన కథలు కలవు. దానిలోని భౌతికశాస్త్రమును కీర్తించినవారు తక్కువ. ఆ ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత సున్నకు ఆరు డిగ్రీలు దిగువ. వేసవి మధ్యాహ్నము అక్కడ 25 డిగ్రీలు ఎక్కినదనుకొన్నచో హెచ్చు 31 డిగ్రీలు. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపిచూడగా, విమానము తాను పదునాలుగువేల నాలుగువందల అడుగుల ఎత్తుననున్నట్లు ప్రవర్తించును. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టముననున్న దానిలో మూడింట రెండువంతులకు కొంచెము తక్కువ. పలుచని గాలిలో రెక్క అదే బరువు మోయవలెనన్న ఎక్కువ వేగముతో చొచ్చుకొనిపోవలెను. పోయినచో నేలపై ఆపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లకు మించును. అనగా విశాఖలో వేయి మీటర్లు చాలిన విమానమునకు ఇక్కడ పదునైదువందల ఏబది మీటర్లు.

లేహ్‌కు విమానములు ఎక్కువగా వేకువను వచ్చి పూర్వాహ్ణముననే తిరిగిపోవుటకు రహస్యమిదియే. ఎండ ముదిరినకొలది గాలి పలుచబడుటయే గాక, లోయలో గాలి జోరు హెచ్చి కొండల నడుమ సుడులు తిరుగును. తిరుగు ప్రయాణమున కొందరి పెట్టెలు మరునాటి విమానమున వచ్చుటయు కలదు. ఒకసారి నా ప్రక్క సీటు పెద్దమనిషి తన పెట్టె వెనుకబడినందులకు దారి పొడవున కోపగించెను. ఆయన పెట్టెను ఆపినది సిబ్బంది కాదు, ఆనాటి ఎండ అని చెప్పి చూచితిని. ఆయన ఎండను క్షమింపలేదు. ఇంతకంటెను ఎత్తున దౌలత్‌బేగ్ ఓల్డీ కలదు. 2013 ఆగస్టు 20వ తేదీన వైమానికదళపు సి-130జె అను పెద్ద సరుకు విమానము 16,614 అడుగుల ఎత్తుననున్న ఆ మట్టిపట్టీపై దిగినది.

విశాఖకు మరలి వత్తము. అక్కడి ముఖ్యశత్రువు ఎత్తు కాదు, నీరు. తడిసిన రన్‌వేమీద విమానము జారునని అందరికిని తెలియును. ఎట్లు జారునో తెలిసినవారు తక్కువ. వేగముగా దొరలు టైరు ముందు నీరు చేరును. ప్రక్కలకు తప్పుకొనుటకు దానికి కాలము చాలనప్పుడు అది చీలికవలె టైరు క్రిందికి దూరి టైరును నేలనుండి ఎత్తివేయును. అంతటితో చక్రమునకు నేలతో సంబంధము తెగును. బ్రేకు ఎంత త్రొక్కినను, ముందుచక్రమును ఎంత తిప్పినను నీటిపై తేలు పళ్లెమునకు ఆజ్ఞలిచ్చినట్లే. అమెరికాలో నాసావారి లాంగ్లీ పరిశోధనాలయమున వాల్టర్ హార్న్ మొదలైనవారు దీనిని పరీక్షించి ఒక సులభసూత్రము కనుగొనిరి: టైరులోని గాలి ఒత్తిడిని చదరపుటంగుళమునకు పౌండ్లలో తీసికొని, దాని వర్గమూలమును తొమ్మిదిచే గుణించినచో, ఎన్ని నాట్ల వేగమున టైరు తేలిపోవునో వచ్చును. ఒత్తిడి 144 ఐనచో వర్గమూలము 12. తొమ్మిది పన్నెండ్లు 108 నాట్లు. అనగా సరిగా గంటకు 200 కిలోమీటర్లు. చిత్రమేమనగా, ఈ సూత్రములో విమానము బరువు ఊసు లేదు. బరువు ఎక్కువైనచో టైరు నేలను మరికొంత ఎక్కువ వైశాల్యమున ఆనును గాని, చదరపుటంగుళమునకు మోపు ఒత్తిడి ఇంచుమించు లోపలి గాలి ఒత్తిడియే గదా.

యుద్ధవిమానములకు సన్నని టైర్లలో మిక్కుటమైన ఒత్తిడి ఉండును గనుక అవి తేలుట ఆలస్యమని సంతోషింపవచ్చును. 256 పౌండ్ల ఒత్తిడికి లెక్కకట్టిన 144 నాట్లు వచ్చును. కాని ఆ విమానములు దిగునదియు అంత వేగముతోనే, ఇచ్చినచేతనే పుచ్చుకొన్నట్లైనది. పైగా నేల తాకు క్షణమున చక్రము ఇంకను తిరుగుట మొదలిడియుండదు. తిరుగని చక్రము అంతకంటె తక్కువ వేగముననే తేలును. ఒక్కొక్కప్పుడు బ్రేకు పట్టి నిలిచిపోయిన చక్రము క్రింద నీరు వేడెక్కి ఆవిరియై, ఆ ఆవిరి రబ్బరును కరిగించుచు విమానమును మోసికొనిపోవును. అట్టిచోట రన్‌వేపై నల్లని గీతకు బదులు, ఆవిరితో కడిగినట్లు తెల్లని గీత మిగులును. ప్రమాదములను శోధించువారు ఆ తెల్లగీతను చూచినంతనే జరిగినదేమో గ్రహింతురు.

నీటిని ఓడించుటకు మానవుడు చేసిన ఉపాయములు పల్లెటూరి రైతు ఉపాయములవంటివే. రన్‌వేను నడుమ ఉబ్బెత్తుగా, ఇరుప్రక్కల వాలుగా కట్టుదురు. మన పెంకుటింటి వెన్నుగాడిని మిక్కిలి నొక్కినట్లు ఊహించుకొనవలెను. దానిపై అడ్డముగా ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతుగల చాళ్లను దగ్గరదగ్గరగా కోయుదురు. టైరు క్రింది నీరు ఆ చాళ్లలోనికి తప్పుకొనును. వందలకొలది విమానములు తాకినచోట కరిగి అంటుకొన్న రబ్బరు ఈ చాళ్లను పూడ్చివేయును గనుక మహావేగముతో నీటిని చిమ్మి దానిని గోకి తీయుచుందురు. మన తొలకరి ఈ విషయమున మిక్కిలి మోసకారి. వేసవియంతయు పేరుకొన్న దుమ్ము, రబ్బరు పొడి, నూనెజిడ్డు మొదటి జల్లుతో కలిసి సన్నని పొరగా పరచుకొన్నప్పుడు, జోరువాన కడిగిన నేలకంటె ఆ చినుకులనేలయే ఎక్కువ జారును. కవులకు ప్రియమైన మట్టివాసన ముక్కునకు సోకగానే బ్రేకును తలచుకొను జాతి ఒకటి లోకములో కలదు.

జారుడును మాటలలో చెప్పినచో ఒకరి "కొంచెము" మరియొకరికి "చాలా" అగును. అందుచే 2021 నవంబరు 4వ తేదీనుండి లోకమంతటను పౌరవిమానయానమునకు ఒకే అంకెల భాష అమలులోనికి వచ్చినది. పొడినేలకు 6, మూడు మిల్లీమీటర్లకు మించని తడికి 5, మించి నీరు నిలిచినచో 2, తడిసిన మంచుగడ్డవంటి నిరాశకు 0. రన్‌వేను మూడు భాగములుగా తలచి ఒక్కొక్కదానికి ఒక్కొక్క అంకె వేయుదురు. "5, 5, 2" అని విన్న పైలట్‌కు కడపటి మూడవవంతు రన్‌వే ఉండియు లేనట్లేనని తెలిసిపోవును. ఆగవలసినదంతయు మొదటి రెండు వంతులలోనే ఆగవలెను. ఇంత సూక్ష్మముగా, ఇంత కొద్ది అక్షరములలో ఒక నేలముక్క స్వభావమును చెప్పగలిగిన భాషను నేను మరియొకదానిని ఎరుగను.

ఇంతవరకు చెప్పిన గాలి, ఎండ, నీరు గంటలలో మారునవి. క్షణములలో రన్‌వేను మ్రింగునది వేరొకటి కలదు. ఉరుముమేఘము పండినప్పుడు దాని గర్భమునుండి చల్లబడిన గాలి వానతో కూడి కుండపగిలినట్లు క్రిందికి కూలి, నేలకు తగిలి నలుదిక్కులకు చిమ్ముకొనును. దానిలోనికి ప్రవేశించు విమానమునకు మొదట బలమైన ఎదురుగాలి తగులును. రెక్క పొంగును, పైలట్ ఇంజను తగ్గింపజూచును. కొన్ని క్షణములకు నడుమనున్న క్రిందిగాలి నేలవైపు నెట్టును. మరికొన్ని క్షణములకు ఆ ఎదురుగాలియే వెనుకగాలియై రెక్క క్రిందినుండి ఊతను లాగివేయును. వెనుక మనము వేసిన వేయి మీటర్ల, రెండువేల మీటర్ల లెక్క ఇక్కడ ఒక్క నిమిషములో తారుమారగును. అదియును నేల తాకకమునుపే. 1975 జూన్ 24వ తేదీన న్యూయార్క్‌లో ఒక ప్రయాణికుల విమానము ఇట్లు కూలినప్పుడు దాని కారణమును పట్టినవాడు టెట్సుయా ఫుజితా అను జపాను శాస్త్రజ్ఞుడు. యౌవనమున నాగసాకిలో అణుబాంబు క్రింద చెట్లు నలుదిక్కులకు ఒరిగిన తీరును పరిశీలించినవాడు గనుక, గాలివానచే అదే తీరున ఒరిగిన చెట్లను చూచినప్పుడు పైనుండి ఏదో పడినదని ఆతనికి స్ఫురించినది.

ఆతని మాటను నమ్మనివారు కొన్నేండ్లు వాదించిరి. 1983 ఆగస్టు 1వ తేదీన వాషింగ్టన్ చెంతనున్న ఆండ్రూస్ వైమానికదళ స్థావరమున అమెరికా అధ్యక్షుడు రీగన్ ఎక్కిన విమానము పొడిగానున్న రన్‌వేపై నిశ్చింతగా దిగినది. పది నిమిషములైన కాకమునుపే అదే క్షేత్రమున గాలిమాపకము 130 నాట్లకు మించిన విసురును నమోదు చేసినది. అంతటి దేశాధినేతకును ఆకాశమునుండి దొరికిన గడువు కొన్ని నిమిషములు.

పొగమంచును గూర్చి సంగ్రహముగా చెప్పుదును, దానిని ఎరుగనివారు లేరు గనుక. చూపు వేయి మీటర్లలోపు ఐనచో దానిని పొగమంచందురు. నేల చల్లారి గాలి ఉష్ణోగ్రత మంచుబిందువువరకు దిగుటయే దానికి కారణము. దుండిగల్‌లోని వైమానికదళ అకాడమీలో ఎగురుట నేర్చుకొను పడుచువారికి చలికాలపు వేకువలు కొన్ని ఇట్లే నిరీక్షణలో గడచును. కనబడని రన్‌వే ఎంత పొడవైనను సున్నయే. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషువారు దీనికి మొండి ఉపాయమొకటి పన్నిరి. రన్‌వేకు ఇరుప్రక్కల గొట్టములు పరచి, వానిలో పెట్రోలు నింపి మండించి, గాలిని కాచి మంచును కరిగించిరి. ఫీడో అని దానికి పేరు. పదునైదు క్షేత్రములలో అమర్చిన ఆ మంటలమధ్యనుండి సుమారు 2,500 విమానములు క్షేమముగా దిగినవి. గంటకు వేల గ్యాలన్ల పెట్రోలు ఆవిరైనది. ప్రాణముల లెక్కముందు ఆ ఖర్చును యుద్ధము సహించినది, శాంతి సహింపలేదు.

మిగిలినది వాయుపీడనము. విమానములోని ఎత్తుకొలత సాధనము నిజమునకు బారోమీటరే. క్రిందివారు చెప్పిన పీడనమును అందులో సరిచేసికొన్నగాని అది నిజము పలుకదు. ఒక హెక్టోపాస్కల్ తప్పైనచో 27 అడుగులకు పైగా తప్పు. ఈ లెక్కను 2014 అక్టోబరు 12వ తేదీకి అన్వయించి చూతము. ఆనాడు హుద్‌హుద్ తుఫాను విశాఖవద్దనే తీరము దాటెను. గాలి గంటకు 185 కిలోమీటర్లు, కేంద్రమున పీడనము సుమారు 950 హెక్టోపాస్కల్‌లు. ప్రామాణికపీడనము 1,013. అట్టి ఆకాశమున సాధనమును సరిచేసికొనని పైలట్ ఎవడైన ఉండినయెడల, ఆతని ముల్లు ఉన్న ఎత్తుకంటె పదునేడువందల అడుగులు ఎక్కువ చూపియుండెడిది. చుట్టును కొండలున్న చోట అది ఏమి లెక్కయో చెప్పనక్కరలేదు.

ఎగురుటకు ఆనాడు ఎవ్వరును సాహసింపలేదు. వార్త ముందుగానే వచ్చియుండుటచే సన్నాహము జరిగినది. జనులను వేలకొలదిగా తరలించిరి. విమానాశ్రయపు భవనము పైకప్పు చిరిగి వ్రేలాడినది, గాజుగోడలు పగిలినవి. తుఫానును దూరమునుండి కనిపెట్టుచు వచ్చిన విశాఖ డాప్లర్ రాడారు తుఫాను మీదికి వచ్చిన దినముననే మూగవోయినది. దారి చూపు సాధనములు చెడినవి. పటములో రన్‌వే పొడవు ఆనాడును 3,050 మీటర్లే. ప్రయాణికుల విమానములు దానిపై మరల దిగనారంభించినది అక్టోబరు 17వ తేదీన.